బ్యాగులో ఓసీబీ పేపర్లు దొరికాయి, ఇప్పుడేం చేయాలి?

ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. బాబుకి పదహారేళ్లు, ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, రోజూ ఇంటి నుంచే కాలేజీకి వెళ్తాడు. బ్యాగు ఉతుకుదామని ఖాళీ చేస్తుంటే ఓసీబీ పేపర్లు (గంజాయో పొగాకో చుట్టుకుని పీల్చే పల్చటి కాగితాలు), ఒక లైటరు, చిన్న జిప్ కవర్లో ఎండు ఆకు లాంటిది బయటపడ్డాయి. ఆమె ఇంకా బాబుతో మాట్లాడలేదు. భర్త "నాలుగు తగిలించి హాస్టల్లో వేసేద్దాం" అంటున్నారు. అన్నయ్య తనకు తెలిసిన డీఅడిక్షన్ సెంటర్లో మూడు నెలలు ఉంచమంటున్నారు. అత్తగారేమో "ఈ వయసులో ఇవన్నీ మామూలే, నాలుగేళ్లు పోతే వాడే మానేస్తాడు" అని కొట్టిపారేస్తున్నారు. వీళ్లలో ఎవరి మాట వినాలి, ఈ విషయం మీద పరిశోధన చేసినవాళ్లు ఏమంటున్నారు అని ఆమె అడిగారు.

అమ్మా, మీరు ఇంకా బాబుతో మాట్లాడకపోవడం మంచిదే అయింది. ఒక రోజు ఆలస్యమైనంత మాత్రాన మునిగిపోయేదేమీ లేదు. కోపం కాస్త దిగాక, ముఖ్యంగా మీరూ మీవారూ ఒక మాట మీదికి వచ్చాక మాట్లాడండి. నేను క్లినికల్ సైకాలజిస్టుని, ఈ వయసు పిల్లలతోనూ వాళ్ల తల్లిదండ్రులతోనూ చాలాకాలంగా పనిచేస్తున్నాను. మీ ఇంట్లోవాళ్లు చెప్పిన మూడు మాటల మీదా గట్టి పరిశోధనే ఉంది. అది చెప్పే ముందు నా ఉద్దేశం ఒక్కటి చెప్పేస్తాను. ఇప్పుడు మీ చేతిలో ఉన్న అతి విలువైనది మీ అబ్బాయి మీతో నోరు విప్పి మాట్లాడటం. రేపు మీరేం చేసినా అది పోకుండా చూసుకోండి. ఎందుకో కింద వివరంగా రాస్తాను.

అత్తగారి మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. న్యూజిలాండ్‌లోని డునెడిన్ అనే ఊళ్లో 1972 ఏప్రిల్ నుంచి 1973 మార్చి లోపు పుట్టిన 1,037 మందిని మూడేళ్ల వయసు నుంచి ఇప్పటిదాకా గమనిస్తూ వస్తున్నారు. వాళ్లకిప్పుడు యాభై దాటింది. ఆ అధ్యయనంలో పనిచేసే టెర్రీ మాఫిట్ అనే సైకాలజిస్టు 1993లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. దారి తప్పే కుర్రాళ్లలో రెండు రకాలున్నారంటారామె. కొద్దిమందికి చిన్నతనం నుంచే ఇబ్బందులుంటాయి, అవి పెద్దయ్యాకా పోవు. ఎక్కువమందికి మాత్రం ఆ తోవ టీనేజ్‌లో మొదలై, ఇరవైలలో ఉద్యోగం, కుటుంబం వచ్చేసరికి ఆగిపోతుంది. అత్తగారు చెప్పింది ఈ రెండో రకం గురించే. కానీ మాఫిట్ అక్కడితో ఆపలేదు. ఆ నాలుగేళ్లలోనే కొన్ని ఉచ్చులుంటాయని కూడా చెప్పారు: చదువు మధ్యలో ఆగిపోవడం, పోలీసు కేసు, వ్యసనం. వీటిలో చిక్కుకున్నవాడు మామూలుగా బయటపడాల్సినవాడైనా బయటపడలేకపోవచ్చు. కాబట్టి "అదే పోతుంది" అని చూస్తూ కూర్చోవడం కుదరదు. ఈ రెండు మూడేళ్లూ ఏ ఉచ్చులోనూ కాలు పడకుండా వాణ్ని దాటించాలి.

ఇక వయసు సంగతి. పిల్లలకి మంచీచెడ్డా తెలియక ఇలా చేస్తారని మనమనుకుంటాం. పదహారేళ్లవాణ్ని కూర్చోబెట్టి అడిగితే గంజాయి నష్టాలు మనకంటే బాగా చెబుతాడు. సమస్య ఎక్కడుందో 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ చేసిన ప్రయోగంలో తేటగా కనబడుతుంది. 306 మందిని మూడు వయసులుగా విడదీశారు: 13 నుంచి 16, 18 నుంచి 22, 24 పైన. కంప్యూటర్లో ఒక కారు ఆట. సిగ్నల్ పసుపులోకి మారుతుంది, ఎప్పుడో ఒకప్పుడు ఎర్ర లైటు పడి అడ్డంగా గోడ వస్తుంది. ఎంత దూరం వెళ్తే అన్ని పాయింట్లు, గోడకి గుద్దితే పోయినట్టే. కొందరు ఒంటరిగా ఆడారు, కొందరు తమ ఈడువాళ్లు ఇద్దరు పక్కన ఉండగా ఆడారు. ఒంటరిగా ఆడినప్పుడు మూడు వయసులవాళ్ల మధ్యా పెద్ద తేడా లేదు. పక్కన స్నేహితులుంటే మాత్రం చిన్నవాళ్లు తీసుకునే రిస్కు ఇంచుమించు రెట్టింపైంది. 24 దాటినవాళ్లలో మార్పే లేదు.

తర్వాత 2011లో జేసన్ చైన్, స్టైన్‌బర్గ్ బృందం ఇదే తరహా ఆటని స్కానర్లో పడుకోబెట్టి ఆడించింది. పక్క గదిలోంచి స్నేహితులు చూస్తున్నారని తెలిస్తే చాలు, టీనేజర్ల మెదడులో ఆనందానికి, బహుమతికి స్పందించే భాగాలు ఎక్కువగా పనిచేశాయి. పెద్దవాళ్లలో అలా జరగలేదు. ఎలుకల్లోనూ ఇదే కనిపించింది. 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో, కౌమారంలో ఉన్న చిట్టెలుకలు ఈడు ఎలుకలు పక్కనుంటే ఒంటరిగా ఉన్నప్పటికంటే ఎక్కువ ఆల్కహాల్ తాగాయి. ఎదిగిన ఎలుకలు అలా తాగలేదు. ఎలుకలకి వాట్సాప్ గ్రూపులూ లేవు, సినిమా హీరోలూ లేరు. అంటే స్నేహితుల సమక్షంలో కొత్తదనం వైపు లాగడమన్నది ఆ వయసు మెదడులోనే ఉందన్నమాట. ఆలోచించి ఆగే శక్తికి ఆధారమైన ముందు మెదడు ఇరవైల మధ్య దాకా ఎదుగుతూనే ఉంటుంది.

మీకు పనికొచ్చే సంగతి ఏమిటంటే, మీ అబ్బాయి మీ ముందు కూర్చుని "ఇంకెప్పుడూ ముట్టుకోనమ్మా" అని ఒట్టేసినప్పుడు అబద్ధం చెబుతున్నాడని అనుకోనక్కర్లేదు. ఆ క్షణంలో నిజంగానే అంటాడు. శనివారం సాయంత్రం నలుగురు ఫ్రెండ్స్ మధ్య కూర్చున్నప్పుడు అదే మెదడు వేరేలా పనిచేస్తుంది. అందుకే నేను పిల్లల దగ్గర ఒట్లు తీసుకోను. "శనివారం ఎవరితో, ఎక్కడ ఉంటావు? వాళ్లు ఇస్తే ఏమంటావు? అక్కడి నుంచి ఎలా బయటికొస్తావు?" అని అడుగుతాను. తెలివితో కాక సందర్భంతో నడిచే వయసు కాబట్టి సందర్భాన్ని మార్చడమే పని చేస్తుంది.

ఒక మాట మద్యం గురించి కూడా, ఎందుకంటే ఇవి విడివిడిగా నడవవు. లిండా స్పియర్ అనే శాస్త్రవేత్త ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో తేలిందేమిటంటే, కౌమారంలో ఉన్నవాటికి ఆల్కహాల్ వల్ల మత్తునిద్ర, తూలడం పెద్దవాటికంటే తక్కువ, కలిసిమెలిసి తిరిగే హుషారు మాత్రం ఎక్కువ. "ఇక చాలు" అని శరీరం చెప్పే సూచనలు ఆలస్యంగా అందుతాయి. "మావాడికి ఎంత తాగినా ఎక్కదు" అని బావలు, బాబాయిలు మెచ్చుకుంటుంటారు. అది మెచ్చుకోవాల్సిన విషయం కాదు, అపాయానికి గుర్తు. ఇంట్లో పెద్దల ముందు కొంచెం రుచి చూపిస్తే బయట తాగడనే నమ్మకం కూడా మనవాళ్లలో ఉంది. ఆస్ట్రేలియాలో పందొమ్మిది వందల మందికి పైగా పిల్లల్ని ఆరేళ్లు గమనించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, తల్లిదండ్రులే ఇవ్వడం వల్ల రక్షణ ఏమీ కనబడలేదు. పైగా అలాంటి పిల్లలు బయట సంపాదించుకోవడం కూడా ఎక్కువే ఉంది.

"ఇప్పుడు మొదలుపెట్టాడు కాబట్టి బానిస అయిపోతాడా?" అని మీరు రాశారు. ఎంత చిన్న వయసులో మొదలైతే ప్రమాదం అంత ఎక్కువన్నది నిజం. బ్రిడ్జెట్ గ్రాంట్, డెబొరా డాసన్ 1997లో అమెరికా జాతీయ సర్వేని విశ్లేషించారు. 14 ఏళ్లు లేదా అంతకు ముందే మద్యం మొదలుపెట్టినవాళ్లలో జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మద్యానికి బానిసలైనవాళ్లు 40 శాతానికి పైగా ఉన్నారు. 20 తర్వాత మొదలుపెట్టినవాళ్లలో దాదాపు 10 శాతమే. ఈ అంకెని చాలామంది భయపెట్టడానికి వాడతారు. దాన్నే ఇంకోవైపు నుంచి చూడండి. అంత చిన్నప్పుడు మొదలుపెట్టినవాళ్లలో కూడా సగానికి పైగా బానిసలు కాలేదు. పైగా చిన్నప్పుడే మొదలుపెట్టే పిల్లల్లో ఇంట్లో తాగుడు, తగాదాలు, చదువులో వెనకబాటు లాంటివి ముందే ఉండొచ్చు. మొదలుపెట్టిన వయసే కారణమా, ఆ వయసులో మొదలుపెట్టేలా చేసిన పరిస్థితులు కారణమా అన్నది పూర్తిగా విడదీయలేం. ఏదైనా సరే, వాడకం ఏడాది వాయిదా పడినా లాభమే.

గంజాయి వల్ల తెలివి తగ్గుతుందన్న వార్త మీరు చదివే ఉంటారు. అది కూడా డునెడిన్ నుంచి వచ్చిందే. 2012లో మడలిన్ మయర్ బృందం చూపించిందేమిటంటే, టీనేజ్‌లో మొదలుపెట్టి ఏళ్ల తరబడి గంజాయికి అలవాటుపడ్డవాళ్ల ఐక్యూ 38 ఏళ్ల నాటికి సగటున 8 పాయింట్లు తగ్గింది. తర్వాత 2016లోనూ 2018లోనూ కవల పిల్లల మీద చేసిన అధ్యయనాల్లో, వాడిన కవలకీ వాడని కవలకీ ఐక్యూలో అలాంటి తేడా కనబడలేదు. తగ్గుదలకి కుటుంబ పరిస్థితులు కారణం కావచ్చని ఆ పరిశోధకుల అభిప్రాయం. కాబట్టి "నీ బుర్ర పాడైపోయింది" అని బాబుతో అనకండి. నాలుగైదుసార్లు పీల్చినవాడి విషయంలో దానికి ఆధారం లేదు, వాడు నెట్‌లో చూసి మిమ్మల్నే ఎదురు ప్రశ్నిస్తాడు. ఒక్కసారి మీరు అతిశయోక్తి చెప్పారని తేలిందంటే, తర్వాత చెప్పే నిజాన్ని కూడా నమ్మడు.

చెప్పాల్సిన నిజం ఇంకొకటుంది, దాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. స్వీడన్‌లో సైన్యంలో చేర్చుకునేటప్పుడు పరీక్షించిన 45 వేల మందికి పైగా యువకుల్ని పదిహేనేళ్లు గమనించి 1987లో ఫలితాలు ప్రచురించారు. అప్పటికే యాభైసార్లకు మించి గంజాయి వాడినవాళ్లలో స్కిజోఫ్రెనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు వచ్చే అవకాశం, వాడనివాళ్లతో పోలిస్తే ఆరు రెట్లుంది. వేరే కారణాలన్నీ లెక్కలోకి తీసుకున్నాక ఆ తేడా తగ్గింది కానీ మాయమవలేదు. తర్వాత వేరే దేశాల్లోనూ ఈ సంబంధం మళ్లీమళ్లీ కనబడింది. అందుకని నేను ప్రతి తల్లిదండ్రుల్నీ మొదట ఇదే అడుగుతాను: మీ వైపు గానీ మీవారి వైపు గానీ ఎవరికైనా స్కిజోఫ్రెనియా, బైపోలార్ లాంటి జబ్బుందా? "మా పెదనాన్న ఇల్లు వదిలి వెళ్లిపోయాడు", "మేనత్త తనలో తాను మాట్లాడుకునేది, గాలి సోకిందన్నారు" లాంటివి కూడా దాచకండి. పెళ్లి సంబంధాలు చెడతాయని ఇలాంటివి మనిళ్లల్లో పిల్లలకి చెప్పరు. మీ వంశంలో అలాంటిది ఉంటే బాబుకి తప్పక తెలియాలి. అందరికీ ఉన్న ప్రమాదం కంటే వాడికున్నది ఎక్కువ. ఆ మాటని చాలామంది పిల్లలు శ్రద్ధగా వింటారు, ఎందుకంటే అది ఉపన్యాసం కాదు, తన ఇంటి సంగతి.

ఎందుకు మొదలుపెట్టాడన్నది ఇంకో పెద్ద ప్రశ్న. పెట్రీషియా కాన్‌రాడ్ అనే పరిశోధకురాలు నాలుగు స్వభావాలని గుర్తించారు: దేనిమీదా ఆశ లేకపోవడం, గుండె దడ లాంటి ఆందోళన లక్షణాలకే భయపడిపోవడం, ఆలోచించకుండా చేసేయడం, ఎప్పుడూ థ్రిల్లు కావాలనుకోవడం. ఒక్కో స్వభావం పిల్లల్ని ఒక్కో కారణంతో మత్తు వైపు తీసుకెళ్తుంది. థ్రిల్లు కోసం వెళ్లినవాడికీ, రాత్రి పదకొండుదాకా స్టడీ అవర్లయ్యాక నిద్ర పట్టక వెళ్లినవాడికీ ఒకే క్లాసు పీకితే లాభం లేదు. ఆమె రూపొందించిన కార్యక్రమంలో పిల్లవాడి స్వభావాన్ని బట్టి తొంభై నిమిషాల చొప్పున రెండే సెషన్లుంటాయి. దానివల్ల వాడకం తగ్గినట్టు కొన్ని దేశాల్లో చేసిన పరీక్షల్లో తేలింది. అదే అమెరికాలో 1983లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన డేర్ కార్యక్రమంలో, పోలీసులు తరగతికి వచ్చి "డ్రగ్స్ వద్దు" అని అందరికీ ఒకేలా చెప్పేవాళ్లు. ఎన్నో బళ్లకు పాకింది. వాడకం మీద దాని ప్రభావం దాదాపు శూన్యమని ఒకదాని తర్వాత ఒకటి అధ్యయనాలు తేల్చాయి.

నా దగ్గరికి వచ్చే ఇంటర్ పిల్లల్లో థ్రిల్లు కోసం మొదలుపెట్టినవాళ్లు ఉన్నారు గానీ, నన్ను ఎక్కువ కలతపెట్టేది రెండో రకం. వీక్లీ టెస్టుల్లో ర్యాంకు పడిపోయి, సెక్షన్ మార్చేసి, ఇంట్లో ఆ మాట చెప్పలేక, ఆ టెన్షన్‌తో నిద్రపోలేని పిల్లాడు. వాడికి ఎవరో "ఇది కొట్టు, హాయిగా నిద్రపడుతుంది" అంటారు, నిజంగానే పడుతుంది. అలాంటివాడి దగ్గర గంజాయి లాక్కుంటే నిద్రలేమి మిగిలే ఉంటుంది. మీ అబ్బాయి విషయంలో గత ఆరు నెలల మార్కులు, నిద్ర, తిండి, పాత ఫ్రెండ్స్ ఎవరు తగ్గారు, కొత్తగా ఎవరు చేరారు అన్నవి ఒకసారి గుర్తుచేసుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీవారి కోపం, మీ భయం రెండూ చివరికి నిఘా వైపే వెళ్తాయి: ఫోన్ చెక్ చేయడం, బ్యాగు వెతకడం, యూరిన్ టెస్టు కిట్ కొనడం, కాలేజీ వాచ్‌మన్‌కి చెప్పి కనిపెట్టడం. పిల్లలెక్కడున్నారో తల్లిదండ్రులకి తెలిసిన ఇళ్లల్లో మత్తు వాడకం తక్కువని ఎన్నో అధ్యయనాలు చెప్పాయి. దాన్ని చూసి "పిల్లల్ని కనిపెట్టి ఉండండి" అనే సలహా ప్రపంచమంతా పాకింది. 2000లో స్వీడన్‌లో హోకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ ఒక చిన్న ప్రశ్న వేశారు. ఆ తల్లిదండ్రులకి తెలిసింది ఎలా తెలిసింది? ఏడు వందల మంది పద్నాలుగేళ్ల పిల్లల్నీ వాళ్ల తల్లిదండ్రుల్నీ మూడు సంగతులు విడివిడిగా అడిగారు: మీరు గుచ్చిగుచ్చి అడుగుతారా, అనుమతి లేకుండా బయటికి పోకూడదని కట్టడి చేస్తారా, పిల్లలే వచ్చి చెబుతారా. తల్లిదండ్రులకి తెలిసినదానిలో ఎక్కువ భాగం మూడోదాని నుంచే వచ్చింది. పిల్లలు సొంతంగా చెప్పడమే. దారి తప్పకపోవడానికి కూడా దానితోనే ఎక్కువ సంబంధం కనబడింది. అడిగి రాబట్టడం, కట్టడి చేయడం చాలా వెనకబడ్డాయి. పైపెచ్చు, తమని అదుపు చేస్తున్నారన్న భావన ఎక్కువగా ఉన్న పిల్లలకి సర్దుబాటు కూడా కష్టంగానే ఉంది.

ఆ తర్వాత వచ్చిన పరిశోధనల్లో కట్టుబాట్లకి కూడా కొంత విలువుందని చెప్పినవి ఉన్నాయి, నేనూ అదే అంటాను. రాత్రి ఎన్నింటికి ఇంటికి రావాలి, బండి ఎప్పుడు ఇస్తాం అన్నవి ఉండి తీరాలి. కానీ కట్టుబాటు వేరు, గూఢచర్యం వేరు. మొదటిది వాడి ముందే చెబుతారు, రెండోది వాడికి తెలియకుండా చేస్తారు. రెండోది బయటపడ్డ రోజున వాడు చెప్పడం మానేసి దాచడంలో ఆరితేరతాడు. "ఏం చెప్పినా ఇంట్లో తర్వాత ఏం జరుగుతుందో నాకు ముందే తెలుసు మేడమ్, అందుకే చెప్పను" అనే మాట పిల్లల నోట నేను ఎన్నోసార్లు విన్నాను. యూరిన్ కిట్ గురించి కూడా ఇంతే. గంజాయి ఆనవాళ్లు కొన్ని రోజుల నుంచి వారాల దాకా ఉంటాయి. ఎప్పుడు, ఎంత, ఎందుకు అన్నది కిట్ చెప్పదు. అది చెప్పగలిగేది వాడొక్కడే.

కాబట్టి రేపటి సంభాషణ. భార్యాభర్తలు ముందు మీలో మీరు తేల్చుకోండి: కొట్టడం లేదు, వేరే బంధువుల ముందు పంచాయితీ లేదు. అమ్మమ్మగారింటికి ఫోన్లు కూడా వద్దు. వాడు కాలేజీ నుంచి ఆకలితో వచ్చిన గంటలో, పరీక్ష ముందురోజు మొదలుపెట్టకండి. ఇద్దరిలో వాడు ఎవరితో ఎక్కువ చనువుగా ఉంటాడో వాళ్లే మాట్లాడండి. చాలా ఇళ్లల్లో అది బండి మీద వెళ్తున్నప్పుడో, వంటింట్లో పని చేస్తున్నప్పుడో బాగా జరుగుతుంది. ఎదురెదురుగా కూర్చుని కళ్లలోకి చూడాల్సిన అవసరం లేకపోతే ఈ వయసు మగపిల్లలకి నోరు పెగులుతుంది.

దొరికినవాటి గురించి మీకేం తెలియనట్టు నటించి, అబద్ధమాడితే పట్టుకుందామని చూడకండి. సూటిగా చెప్పేయండి. "నాన్నా, బ్యాగు ఉతుకుదామని తీస్తే ఇవి కనబడ్డాయి. నాకు చాలా భయమేసింది. తిట్టడానికి పిలవలేదు. అసలేం జరుగుతోందో నీ నోటితో వినాలనుంది." తర్వాత ఆగండి. నిమిషం, రెండు నిమిషాలు ఏమీ మాట్లాడకపోవచ్చు. ఆ మౌనాన్ని మీరు నింపకండి. "అవి నావి కావు, ఫ్రెండువి" అనే జవాబు తొంభై పాళ్లు వస్తుంది. దాని మీద కేసు నడపొద్దు. "సరే, ఫ్రెండువే అనుకుందాం. వాడు నీకు ఇస్తే నువ్వు ఏమన్నావు?" అనండి. కొంతైనా ఒప్పుకుంటే, ఆ మాట చెప్పినందుకు అప్పటికప్పుడు శిక్ష వేయకండి. "నువ్వు చెప్పావు, అది నాకు చాలా పెద్ద విషయం. మేమేం చేయాలో రేపు ముగ్గురం కూర్చుని మాట్లాడుకుందాం" అనండి. ఆ కవరు మాత్రం తిరిగి ఇవ్వకండి, వాడి ముందే నీళ్లలో పోసేయండి.

"కాలేజీలో అందరూ కొడతారు" అంటాడు. వాడి కళ్లకి నిజంగానే అలా కనబడుతుంది, ఎందుకంటే వాడు తిరిగేది ఆ నలుగురితోనే. ఎయిమ్స్ వాళ్లు కేంద్ర ప్రభుత్వం కోసం చేసి 2019లో వెలువరించిన దేశవ్యాప్త సర్వేలో, 10 నుంచి 17 ఏళ్లవాళ్లలో అంతకుముందు ఏడాదిలో గంజాయి జాతివి వాడినవాళ్లు నూటికి ఒకరి లోపే. ఇంటికొచ్చి అడిగే సర్వేలో పిల్లలు అన్నీ చెప్పరు కాబట్టి అసలు సంఖ్య ఎక్కువే ఉండొచ్చు, సిటీ కాలేజీల్లో ఇంకా ఎక్కువ ఉండొచ్చు. అయినా "అందరూ" కారు. ఆ సర్వేలోనే ఇంకో సంగతి ఉంది, చిన్న పిల్లలున్నవాళ్లు గమనించాలి: పెద్దల్లో కంటే పిల్లల్లో వాడకం ఎక్కువున్నది ఒకే ఒక్క రకం, పీల్చే మత్తు. వైట్‌నర్, థిన్నర్, పంక్చర్ అతికించే సొల్యూషన్ లాంటివి.

విషయం ఎంత ముదిరిందో తెలుసుకోవడానికి బోస్టన్‌లో పిల్లల డాక్టరు జాన్ నైట్ బృందం తయారుచేసిన ఆరు ప్రశ్నలు మేమూ వాడతాం. మత్తులో ఉన్నవాడు నడిపే బండి ఎక్కావా, లేదా నువ్వే నడిపావా? టెన్షన్ తగ్గడానికో, నలుగురిలో కలవడానికో వాడతావా? ఒంటరిగా ఉన్నప్పుడు వాడతావా? వాడినప్పుడు చేసినవి మర్చిపోయావా? తగ్గించమని ఇంట్లోవాళ్లు గానీ ఫ్రెండ్స్ గానీ అన్నారా? దానివల్ల ఏదైనా గొడవలో పడ్డావా? వీటిలో రెండింటికి అవునంటే నిపుణుల దగ్గర పూర్తిగా చూపించుకోవాలి. నాకు వీటిలో మూడోది చాలా ముఖ్యం. ఒంటరిగా వాడేవాడికి అది సరదా దాటి మందుగా మారిందని అర్థం. మొదటిదాని గురించి ఈ క్షణం నుంచే మాట ఇవ్వండి: "అర్ధరాత్రయినా సరే, ఎక్కడున్నా సరే, ఫోన్ చెయ్యి, వచ్చి తీసుకెళ్తాం, ఆ రాత్రి ఒక్క ప్రశ్న వేయం." వాడి వయసువాళ్లకున్న అతిపెద్ద ఆపదల్లో బండి మీద జరిగే ప్రమాదం ఒకటి.

హాస్టల్ సంగతి. మీవారి కోపం నాకు అర్థమవుతుంది. కానీ పైన చెప్పిన కారు ఆట గుర్తుచేసుకోండి. ఈడువాళ్లు చుట్టూ ఉంటే రిస్కు పెరిగే వయసులో, ఇరవై నాలుగ్గంటలూ ఈడువాళ్ల మధ్యే, అదీ ఇంటి మీద కోపంతో ఉంచడం సాయపడదు. తల్లి పక్కనుంటే టీనేజర్లు ఆటలో రిస్కు తగ్గించారని ఈవా టెల్జర్ బృందం 2015లో చూపించింది. ఇల్లు ఇప్పుడు వాడికి రక్షణ.

మీ అన్నయ్యగారు చెప్పిన సెంటర్ విషయంలో ఇంకా జాగ్రత్త. థామస్ డిషియన్ అమెరికాలోని ఆరెగాన్‌లో దారి తప్పుతున్న పిల్లల్ని గుంపులుగా కూర్చోబెట్టి మంచి నేర్పించే కార్యక్రమం నడిపారు. 1999లో ఆయనే సహరచయితలతో కలిసి రాశారు, అలా గుంపులో కూర్చున్న పిల్లల్లో పొగతాగడం, అల్లరి పెరిగాయని. తప్పుడు పని గురించి ఒకడు గొప్పగా చెబుతుంటే మిగతావాళ్లు నవ్వడమే అక్కడ వాళ్లకి బహుమతి అయింది. గంజాయి నాలుగుసార్లు కొట్టిన పదహారేళ్లవాణ్ని, ఇంజెక్షన్లదాకా వెళ్లిన ముప్పై ఏళ్లవాళ్ల గదిలో పడుకోబెడితే ఏం నేర్చుకుంటాడో మీరే ఊహించండి.

చట్టం కూడా ఒప్పుకోదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 87వ సెక్షన్ ప్రకారం మైనర్‌ని చేర్చుకోవాలంటే నిపుణులు ఇద్దరు విడివిడిగా పరీక్షించి అవసరమని తేల్చాలి. పెద్దవాళ్లకి దూరంగా వేరే చోట ఉంచాలి. తల్లి గానీ తండ్రి గానీ, వాళ్ల తరఫు మనిషి గానీ, చేర్చినన్నాళ్లూ పక్కనే ఉండాలి. "వదిలేసి వెళ్లండి, నెలదాకా ఫోన్ చేయొద్దు, మేం చూసుకుంటాం" అనే చోటికి మీ పిల్లాణ్ని ఎట్టి పరిస్థితిలోనూ పంపకండి. నిజానికి మీరు రాసినదాన్ని బట్టి చూస్తే బాబుకి చేరిక అవసరమయ్యే సూచనలేమీ లేవు.

పోలీసుల భయంతో చాలామంది డాక్టరు దగ్గరికి కూడా వెళ్లరు. చికిత్సలో చెప్పింది గోప్యంగా ఉంచాలని అదే చట్టం చెబుతోంది. మత్తుమందుల కేసులు పెట్టే ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ సెక్షన్ కింద, వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపున్న ఆసుపత్రిలో చికిత్సకు వచ్చి అది పూర్తిచేసుకుంటే, వాడకం, కొద్ది మోతాదు కేసుల్లో ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది. భయపడాల్సింది ఇంకోదానికి. "ఈ కవరు ఫలానావాడికి ఇచ్చిరా, నీకొకటి ఫ్రీ" అంటారు. మైనర్‌ మీద అనుమానం రాదని పిల్లల చేత మోయిస్తారు. అలా మోయించడం బాలల న్యాయ చట్టం ప్రకారం పెద్ద నేరం, కానీ ముందు దొరికేది పిల్లాడే. వాడకం కంటే ఇది కోలుకోలేని ఉచ్చని బాబుకి విడిగా, స్పష్టంగా చెప్పండి.

కొన్ని ఉంటే మాత్రం ఆగొద్దు, ఆ రోజే సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లండి: ఎవరో తనని వెంటాడుతున్నారనో, తన గురించే మాట్లాడుకుంటున్నారనో అనడం, లేని మాటలు వినబడటం, రెండు మూడు రాత్రులు నిద్ర లేకుండా హుషారుగా ఉండటం, చచ్చిపోతాననడం, చేతుల మీద సూది గుర్తులు, మాత్రలు వాడుతున్నట్టు తెలియడం.

ఐస్‌లాండ్ సంగతి కూడా ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే మీ బాబు రోజు ఎలా గడుస్తుందో చూస్తే నాకదే గుర్తొచ్చింది. 1998లో అక్కడ 15, 16 ఏళ్ల పిల్లల్లో గడిచిన నెలలో తాగి మత్తెక్కినవాళ్లు 42 శాతం. 2016 నాటికి అది 5 శాతానికి దిగింది. గంజాయి ఎప్పుడైనా వాడినవాళ్లు 17 నుంచి 7 శాతానికి తగ్గారు. వాళ్లు పిల్లలకి ఆటలు, సంగీతం, కళలకి డబ్బిచ్చారు, రాత్రిళ్లు బయట తిరిగే వేళలకి హద్దు పెట్టారు, తల్లిదండ్రులు పిల్లలతో గడిపే సమయం పెంచారు, ఏటా సర్వే చేసి ఆ ఫలితాలు ఏ బడికి ఆ బడికి చూపించారు. తగ్గుదల అంతా దానివల్లే వచ్చిందా అన్నదానిపై వాదనలున్నాయి. కానీ మన ఇంటర్ కాలేజీ అపార్ట్‌మెంట్ లాంటి భవనంలో, గ్రౌండ్ లేకుండా, ఆదివారం కూడా టెస్టుతో నడుస్తుంటే, పదహారేళ్లవాడికి ఆనందం దొరికే చోటు ఏది మిగిలింది? బాబు పదో తరగతి దాకా ఏం ఆడేవాడో, ఏం వాయించేవాడో, అది రోజుకి గంట తిరిగి ఇప్పించండి. ర్యాంకు కోసం తీసేసిన ఆ గంటని చికిత్సలో భాగంగా తిరిగి పెట్టమని నేను చీటీలో రాసిన సందర్భాలున్నాయి.

ఎక్కడికి వెళ్లాలి అంటే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బేమీ అక్కర్లేదు. మత్తు విషయాలకి ప్రత్యేకంగా 14446 ఉంది. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. విశాఖలో మానసిక వైద్యశాల, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, రాయలసీమవాళ్లకి దగ్గరగా బెంగళూరు నిమ్హాన్స్ ఉన్నాయి. వీలైతే పిల్లల విషయంలో అనుభవమున్నవాళ్లనే అడగండి. మొదటి సిటింగ్‌లో సగం సేపైనా బాబుతో ఒంటరిగా మాట్లాడనివ్వండి, బయటికొచ్చాక "ఏం చెప్పావ్" అని అడగకండి.

"నేను రాను, నాకేం పిచ్చా" అంటే? అప్పుడు మీ ఇద్దరే వెళ్లండి. బాబు లేకుండా మీరు రావడం వృథా కాదు. అమెరికాలో రాబర్ట్ మేయర్స్ రూపొందించిన క్రాఫ్ట్ అనే పద్ధతి సరిగ్గా ఇలాంటి ఇళ్ల కోసమే. వాడనప్పుడు ఎలా దగ్గరవ్వాలి, మత్తులో ఇంటికొచ్చినప్పుడు గొడవ పడకుండా ఎలా పక్కకి తప్పుకోవాలి, చికిత్స మాట ఏ సమయంలో ఎత్తాలి అన్నవి కుటుంబానికే నేర్పిస్తారు. 1999లో విలియం మిల్లర్, మేయర్స్ ప్రచురించిన పోలికలో, చికిత్స వద్దని భీష్మించుకున్న తాగుబోతుల్లో ఈ పద్ధతి ద్వారా చికిత్సకి వచ్చినవాళ్లు 64 శాతం. బంధువులంతా కలిసి చుట్టుముట్టి నిలదీసే పద్ధతిలో వచ్చినవాళ్లు 30 శాతం. వాళ్లంతా పెద్దవాళ్లే, కానీ టీనేజ్ పిల్లల తల్లిదండ్రులతో కూడా ఇదే పద్ధతిలో పనిచేస్తారు. అపాయింట్‌మెంట్ మీ పేరు మీదే తీసుకోండి. మీవారు రాకపోయినా మొదటిసారికి మీరొక్కరే వెళ్లొచ్చు.